లైన్లోకి వచ్చిన రఘురామరాజా

రఘురామరాజాకు డెబ్బై ఆరేళ్లు. ఇన్నేళ్లలో ఆయన తన చేత్తో ఎవరికీ ఫోన్ చేసిన పాపాన పోలేదు. తన పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీ నడిచిన కాలంలో నంబరు తిప్పడానికి గుమాస్తా ఉండేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ పని డ్రైవర్ కుమారేశన్ నెత్తిన పడింది. కుమారేశన్ నొక్కాలి, అవతలివాళ్లు పలికితే "రాజా మాట్లాడతారు" అని చెప్పాలి, ఆపైన ఫోన్ తువ్వాలుతో తుడిచి రెండు చేతులా అందించాలి. అప్పుడు గాని ఆయన నోరు విప్పడు. అవతలివాడూ ఇలాంటి ఘనుడే అయితే ఇక చూడాలి తమాషా. "మీ రాజాను మున్నాడి లైన్లోకి రమ్మను" అని ఈ డ్రైవర్, "మీ రాజానే రమ్మను" అని ఆ డ్రైవర్, పంతానికి దిగేవాళ్లు. ముందు హలో అన్నవాడు చిన్నవాడైపోతాడని పెద్దమనుషులిద్దరికీ బెంగ. తమిళనాట మా రాజపాళయంలో ఈ జబ్బు ఉన్నవాళ్లు ఇంకా నలుగురైదుగురు లేకపోలేదు గాని, ఈయనది బాగా ముదిరిపోయింది.

కూతురు కొనిచ్చిన మంచి ఫోనొకటి ఉంది ఆయనకు. అది కారులో, డ్రైవర్ దగ్గరే ఉండేది. అందులో వాట్సప్ జోలికి మాత్రం పోవద్దని కుమారేశన్‌కు గట్టి కట్టడి. ఇంటి సంగతులు జీతగాడి చెవిన పడకూడదట! తను చూడడు, చూసేవాణ్ణి చూడనివ్వడు. ఇదీ ఆయన తెలివి.

ఆయనకు ఒకే ఒక్క అక్క, మంగళం. ఎనిమిదేళ్లు పెద్దది. తల్లి పోయాక ఈయన్ను చంకనేసుకుని తిప్పింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, పెళ్లయి వెళ్లేటప్పుడు కూడా తమ్ముడికి అన్నం ఎవరు పెడతారని ఏడ్చింది. ఊళ్లోనే ఇంకో కోట్టైలో కాపురం. మా ఊళ్లో రాజుల పేటలను కోట్టైలంటారు, ఒక్కో కోట్టైకి నలుగురూ కూడే సావడి ఒకటుంటుంది. మంగళం వాళ్ల సావడిలో బ్యాంకులో పనిచేసి రిటైరైన అభిరామి అనే ఆవిడ పెద్దవాళ్లకు ఫోన్ నేర్పిస్తోంది. మంగళానికి అప్పటికే ఒక కన్ను పోయింది. అయినా మిగిలిన కంటిని ఫోన్‌కు ఆనించినంత దగ్గరగా పెట్టి, వీడియో కాల్ చెయ్యడం, మాట్లాడి పంపించడం అన్నీ నేర్చుకుంది.

తమ్ముడికి నవ్వొచ్చింది. "ఈ వయసులో నీకీ కూత్తు, ఈ ఆటలు ఏందక్కా?" అన్నాడు.

"నీకు డ్రైవరుండాడు. నాకు వేలుండాది" అంది ఆమె.

ఆ మాటలోని ఎత్తిపొడుపు ఆయనకు తగల్లేదు. అంత మందం తోలు.

ఈలోగా కుమారేశన్‌కు మోకాళ్లు అరిగిపోయి, చోళపురంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. కారు షెడ్డెక్కింది, ఫోన్ హాల్లో బల్ల మీదికి చేరింది. అది మోగుతూనే ఉండేది. రఘురామరాజా ఎదురుగా కుర్చీలో కూర్చుని, అది ఆగేదాకా దానివంక చూసేవాడు. తనంతట తను తీసి హలో అనడమా? అంత గతి పట్టలేదనుకునేవాడు. పనిమనిషి దాన్ని రోజూ చార్జింగులో పెట్టేది, అదొక్కటే దానికి జరిగిన మర్యాద.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం మంగళం కొడుకు హరిహరన్ వచ్చాడు. "మామా, రేపు మదురైలో అమ్మకు కంటి ఆపరేషన్. మీరొస్తారా, కారు పంపించాల్నా?" అన్నాడు.

రఘురామరాజా ఇంతెత్తున లేచాడు. "ఏం ఆపరేషన్? ఎప్పుడు తేదీ పెట్టినారు? నాకెవరు చెప్పినారు?"

హరిహరన్ తెల్లబోయాడు. "అమ్మ మీకు చెప్పే ఉంటాదే మామా. మున్నాడి మీకే చెప్పాలనింది."

"ఏ వాకిట్లో నిలబడి చెప్పింది? నేను పుట్టింటివాణ్ణిరా! పెండ్లైనా సావైనా ఆడబిడ్డ సంగతి మొదలు ఈ గడపలో చెప్పాల. ఊరంతా చెప్పి కడాసిలో నన్ను పిలుస్తారా? నేను రాను. పో, పొయ్యి మీ అమ్మకు చెప్పు."

వాళ్లలో ఆ ఆనవాయితీ ఉన్నమాట నిజమే. ఆడపిల్ల విషయం ఏదైనా పుట్టింటికి ముందు తెలియాలి. ఆమె ఒంటరిది కాదని, వెనక మనుషులున్నారని అందరికీ తెలియడానికి పెట్టుకున్న పద్ధతి అది. ఈయనగారికి వెనక ఉండటం అక్కర్లేదు, ముందు తెలియడం ఒక్కటే కావాలి. హరిహరన్ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మరునాడు అక్కను ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయే వేళకు తమ్ముడు వాకిట్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. దారిన పోయే తెలిసినవాళ్లందరినీ ఆపి, పుట్టింటికి జరిగిన అవమానం గురించి చెప్పుకున్నాడు. మధ్యలో కడుపునిండా టిఫిన్ కూడా తిన్నాడు. అక్క కన్ను ఏమైందని మాత్రం ఆ రోజు, ఆ మరునాడు, ఎవరినీ అడగలేదు. అడిగితే మెట్టు దిగినట్టవుతుంది గదా.

తర్వాత ఒక మధ్యాహ్నం ఛాతీలో గ్యాస్ పట్టేసింది. చావొచ్చిందనుకున్నాడు. పనిమనిషి వెళ్లిపోయింది, డాక్టరు నంబరు ఫోన్లో ఉంది, నొక్కేవాడు లేడు. పంచె జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, వీధిలోకి పరిగెత్తి, షేర్ ఆటోవాణ్ణి "తంబీ, తంబీ" అని బతిమాలాడు. ఇరుక్కుని కూర్చున్న మిల్లు ఆడవాళ్లు సర్దుకుని చోటిచ్చారు. అది గ్యాసేనని డాక్టరు చెప్పేసరికి ప్రాణం కుదుటపడింది గాని, పరువు మాత్రం ఆటోలోనే పోయింది.

ఆ దెబ్బతో మరుసటి రోజు సావడికి వెళ్లాడు. తన కోట్టైలో ఇలాంటి క్లాసు లేదు, మంగళం వాళ్ల సావడికే పోవాలి. అక్క ఎదురుపడితే ముఖం తిప్పుకోవాలని దారిపొడవునా అనుకుంటూ పోయాడు. ఆమె లేదు. చాప మీద పదిమంది ముసలివాళ్లు ఫోన్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఈయన కుర్చీ తెప్పించుకున్నాడు. పక్కన మంసాపురం నుంచి రోజూ బస్సులో వచ్చే బొమ్మక్క అనే రైతు ఆడమనిషి, మనవరాలికి తన గొంతుతో ఏదో చెప్పి పంపించి, అది చేరిందని చప్పట్లు కొట్టింది. పశువుల దగ్గరుండాల్సిన వాళ్లకు ఈ చదువులేమిటని రఘురామరాజా పెదవి విరిచాడు. ఆ చదువు తనకు రాదన్న సంగతి ఆయనకు గుర్తులేదు.

అభిరామి వచ్చి ఆయన ఫోన్ అందుకుంది. "రాజా సార్, వాట్సప్‌లో మీకు మాటలు చాలా వచ్చి కాచుకున్నాయి. మంగళం అత్త పంపించినవి. దేన్నీ వినలేదే మీరు! సరి, ఈ రోజు పాఠం ఇదే. ఇదో, ఈ గుర్తు మీద నొక్కాల." ఆయన వేలు పట్టుకుని ఆమే నొక్కించింది. అందరికీ వినపడాలని స్పీకర్ పెట్టింది.

సావడిలో మంగళం గొంతు వినిపించింది.

"రఘూ, అక్కనురా. మోగిస్తే తీయవు, అందుకే ఇట్ల మాట్లాడి పంపిస్తుండా. ఉండే ఒక్క కంటికీ ఆపరేషన్ చెయ్యాలంట, మదురైలో. ఇంగా హరికి గూడా చెప్పలేదు. పుట్టింటికి మున్నాడి చెప్పాల గదా. నీకే మొదలు చెప్తుండా."

రఘురామరాజా చెయ్యెత్తాడు, ఆపమని. ఎక్కడ నొక్కితే ఆగుతుందో తెలియదు. ఒకటి అయిపోగానే దానంతటదే రెండోది మొదలైంది.

"రఘూ, విన్నావా? నువ్వు సరి అన్నాకే తేదీ పెట్టమని చెప్తా. నేనే వచ్చేదాన్నిరా, ఆటో మెట్టు కనిపించడం లేదు. నువ్వొకసారి వచ్చి పో."

ఆ తర్వాతిదాంట్లో ఆమె గొంతు తగ్గింది. "డాక్టరు ఏదీ ఖచ్చితంగా చెప్పలేదు. పోతే పోతాదంట. అట్ల పోతే, కడాసిగా చూసేది నీ ముఖం ఉండాలని ఆశరా. గదిలోకి పోయే ముందర ఒక్క నిమిషం నా ఎదురుగా నిలబడితే చాలు. వస్తావు గదా?"

చివరిదాంట్లో కొంతసేపు ఫ్యాన్ చప్పుడే వినిపించింది. తర్వాత "సరి" అంది. అంతే.

అభిరామి ముఖం చిన్నబోయింది, ఇంత జరుగుతుందని ఆమె అనుకోలేదు. బొమ్మక్క ఒక్కతే ఆయన కుర్చీవైపు తలెత్తి చూసింది. "చెప్పింది గదా సామీ. ఇంకెట్ల చెప్పాల?"

తల కొట్టేసినట్టయింది రఘురామరాజాకు. సిగ్గో, భయమో, ఆయన చెయ్యి మొదటిసారి తనంతట తాను ఫోన్ మీదికి పోయింది. "అక్కకు... ఎట్ల?" అని అడిగాడు. అభిరామి చూపించింది. తనే నొక్కాడు. చాలాసేపు మోగింది.

"ఎవురు?" అంది మంగళం. చుక్కల మందు వేసుకున్న కంటితో పేరు చూడలేకపోయింది.

"రాజా మాట్లాడతారు" అని ముందు చెప్పేవాడు లేడు. "నేను" అన్నాడు.

"నేనంటే?"

"రఘునక్కా. నేనే నొక్కినా." అంత దుఃఖంలోనూ ఆ మాట చెప్పుకోకుండా ఉండలేకపోయాడు, మెచ్చుకుంటుందని ఆశ కాబోలు! "ఇప్పుడే విన్నానక్కా. నువ్వు మొదలు నాకే చెప్పినావు. నాకు తెలియదక్కా. కన్ను ఎట్లుండాది?"

"కన్ను బాగుండాది. కనిపిస్తుండాది అంతా." ఆమె గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది. "లోపలికి తీసుకపోయేటప్పుడు నర్సు అడిగిందిరా, ఇంగా ఎవరన్నా రావాల్నా అవ్వా, కొంచెం కాచుకుందామా అని. నేను తలుపువైపే చూస్తుండా గదా, అందుకు."

"అక్కా..."

"కాచుకోవద్దమ్మా, నాకు పుట్టింట్లో ఎవరూ లేరని చెప్పినా. చెప్పేసినా రఘూ. ఇంక ఫోన్ పెట్టెయ్."

ఎలా పెట్టెయ్యాలో ఆయనకు తెలియలేదు. ఫోన్ చెవికి అలాగే ఆనించుకుని కూర్చున్నాడు. కాసేపటికి మంగళమే పెట్టేసింది.