ఉత్తరం ముఖంగా నిలిపిన బండి

మా బండి పెనుకొండ దగ్గర దిగబడింది నా రోలు బరువుకే అని మా చుట్టాల్లో ఒక కథ ఉంది. అది అబద్ధం. మొన్న హిందూపురంలో ఒక పెళ్లి బంతిలో, నాకు మూడాకుల అవతల కూర్చుని మా ఆడబిడ్డ ఆ కథే మళ్లీ ఎత్తుకుంది. మా వదిన రోలు లేనిదే కదలననింది, ఆ రోలుతోనే బండి కూలబడింది అని ఆమె చెబుతుంటే, ఆ వరసలో వాళ్లంతా పప్పన్నం కలపడం ఆపి మరీ నవ్వినారు. మా ఆయన కూడా నవ్వినాడు. నాకు కాలింది అక్కడే. ఆ రోలు మా అవ్వది, చట్నీ నూరుకునే చిన్నది. ఎత్తి చంకలో పెట్టుకుని మెట్లు దిగుతాను నేను. జరిగింది వేరు.

నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. ఇంకా ఆరేళ్ల సర్వీసు ఉండగానే మానేశాను. ఎందుకంటే, ఒక పొద్దున టీ తాగుతూ మా ఆయన, బండినే ఇల్లుగా చేసుకుని ఊరూరా తిరుగుతూ బతుకుదామా అన్నాడు. మా కాపురంలో ఆయన నోట వచ్చిన మాటల్లో నాకు నచ్చినవి తక్కువ, ఇది నచ్చింది. పొద్దున లేచి కిటికీ తీస్తే ఇది ఏ ఊరబ్బా అనుకోవాలని నాకు చిన్నప్పటి నుంచీ కోరిక. మోకాళ్లు బాగున్నప్పుడే పోదామని తొందరపెట్టింది కూడా నేనే. చిన్న వ్యాను చాలు, సందుల్లో దూరుతుంది అన్నాను. ఇల్లన్నాక మనిషి నిలబడి చొక్కా తొడుక్కోవాల అని ఆయన వాదన. పెనుకొండలో ఒక షెడ్డు వెనక మూలబడి ఉన్న పాత స్కూలు మినీబస్సును పట్టుకున్నాడు. కిటికీలకు కడ్డీలు, లోపలి రేకు మీద పిల్లలు గీకిన పేర్లు. మధ్యలో నిటారుగా నిలబడి, తల తగల్లేదు చూడు అని మురిసిపోయినాడు. సరే, కొన్నాము. కింద ప్లైవుడ్డూ, దాని మీద మందపాటి చాపా పరిపించినాక తల తగిలింది. ఈ రోజుకూ ఆ బండిలో ఆయన వంగే నడుస్తాడు. నేను పొట్టిదాన్ని, నిటారుగా నడుస్తాను.

మంచాలకు ధర్మవరం పోయినాము. మేకులు కొడితే కుదుపులకు వదులైపోతాయి, మగ్గం చేసేవాళ్లయితే చెక్కలో చెక్క దూర్చి బిగిస్తారు, దినమంతా బాదినా కదలదు అన్నాడు మా ఆయన. ఆ బండి విషయంలో ఆయన ఆడిన తెలివైన మాట అదొక్కటే. అక్కడ మగ్గాలు చేసే వడ్రంగి పెద్దమనిషి నన్ను అంగడి నేల మీద పండుకోమని, తల దగ్గర ఒకటి, మడమల దగ్గర ఒకటి సుద్దగీత గీసినాడు. పట్టుచీరలు కొనను వచ్చిన ఆడవాళ్లు ఆగి చూసినారు. ఆ తర్వాత మడత బల్లకని, డబ్బాలు పడకుండా అంచు కట్టిన అలమరకని, ధర్మవరానికి ఎన్నిసార్లు తిరిగినామో. పోయినప్పుడల్లా ఆ వడ్రంగి, "ఇంకా బయల్దేరలేదామ్మా?" అనేవాడు. లోకంలో ఆ మాట అడిగిన మనిషి ఆయనొక్కడే. మా ఆయన మాత్రం నీళ్ల ట్యాంకు అయిపోతే దోమతెర తలుపు అనేవాడు, అదీ అయిపోతే ఇంకొకటి. చివరికి కాలింగ్ బెల్లు కూడా పెట్టించినాడు. అడివిలో నిలిపితే దాన్ని నొక్కేదెవరు అని నేను అడిగితే, పెట్టేటప్పుడే అన్నీ పెట్టుకోవాల అన్నాడు.

ఇక పొయ్యి. బండి మా వాకిట్లో గేటుకు ఎదురుగా, అంటే ఉత్తరం ముఖంగా నిలిపి ఉంది. మా అత్త కర్ర పట్టుకుని వచ్చి, లోపలంతా చూసి, పొయ్యి ఆగ్నేయంలోనే ఉండాల అని తేల్చేసింది. వెంటనే వెనక కుడి మూలన గ్యాసు పొయ్యి బిగించేసినారు. బండి మలుపు తిరిగితే ఆగ్నేయం కూడా మనెంబడే తిరుగుతుందా అని అడిగాను. మా ఆయన నన్ను జాలిగా చూసినాడు. "నడిచేటప్పుడు వండుకోము కదమే. యాడ నిలిపినా ఉత్తరం ముఖంగా నిలిపితే సరిపాయె."

చివరికి ఒకనాడు బయల్దేరినాము. ఆ దినం నేను కొత్త చీర కట్టుకున్నాను, చెప్పడానికేం సిగ్గు. పెనుకొండ కొండ కింద, రోడ్డు దిగి ఒక చింతచెట్టు నీడన ఆపినాము. పడమటికి కొండ, ఎదురుగాలి, మంచి మధ్యాహ్నం. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టబోతే, ఆగు ఆగు అని ఈయన ఫోన్లో దిక్సూచి తీసినాడు. బండి పడమటి ముఖంగా ఉందట. ఉత్తరానికి తిప్పుతానని వెనక్కి పోనిచ్చినాడు. వెనక ఉండేది ముందురోజు వానపడిన శనక్కాయ చేను. బండి సరిగ్గా ఉత్తరానికి తిరిగింది, వెనక కుడి చక్రం బురదలో కూరుకుపోయింది. అంటే ఆగ్నేయమే దిగబడింది. బియ్యం గిన్నె జారి చాపంతా నీళ్లు.

చెట్టుకు ఆ పక్కన గొర్రెలు కాచే ఆలూమగలు మూడు రాళ్లు పెట్టుకుని వంట చేసుకుంటున్నారు. మంద వెంట నెలల తరబడి ఊరూరా తిరిగే మనుషులు. ఆ మగమనిషి లేచి వచ్చి, "ఏమప్పా, రోడ్డు బాగానే ఉండాది కదా, చేన్లోకి ఎందుకొస్తివి?" అన్నాడు. మా ఆయన ఆగ్నేయం సంగతంతా ఓపికగా చెప్పినాడు. మరి మీరు పొయ్యి ఏ దిక్కున పెడతారని ఆమెను నేను అడిగాను. "గాలి యాడనుంచి వస్తాండాదో చూసి పెడతామక్కా," అనింది ఆమె, అన్నం కలియబెడుతూ. ఆ పూట వాళ్ల కుండలోదే తిన్నాము. పక్క చేనాయన ట్రాక్టరు కట్టి బండిని బయటికి లాగినాడు.

అక్కడి నుంచి ముందుకు పోతామనుకున్నాను. మా ఆయన మళ్లీ హిందూపురం వైపు, ఇంటికే తిప్పినాడు. లాగడానికి ఇనపగొలుసు లేదు, చక్రాల కింద వేసే పలకలు లేవు, ఏమీ లేకుండా యాడికి పోతామే అన్నాడు. మూడేళ్లయింది. గొలుసు వచ్చింది, పలకలు వచ్చాయి, ఇప్పుడు పైకప్పుకు టార్పాలిన్ కావాలంటున్నాడు. బండి వాకిట్లో ఉత్తరం ముఖంగా, వాస్తు ప్రకారం నిక్షేపంగా ఉంది. మా అవ్వ రోలు దాంట్లోనే ఉంది, నేను దించలేదు. పోయిన వానాకాలం నుంచి నా ఎడమ మోకాలు ఆ బండి మెట్టు ఎక్కేటప్పుడల్లా కలుక్కుమంటోంది. మేము సామాను సర్దుకుంటూ కూర్చున్నాము, కాలం ఏ సామానూ లేకుండా వెళ్లిపోయింది. పెళ్లి నుంచి వస్తూ ఆయన్ని అడిగాను, టార్పాలిన్ ఎన్ని అడుగులు కావాలో లెక్క మొదలుపెట్టినాడు. మీరు విన్నారు కాబట్టి మీరైనా చెప్పండి. ఇన్నాళ్లూ ఆ మనిషి సర్దుతున్నది పోవడానికా, పోకుండా ఉండటానికా?