రామగిరి బస్సెక్కిన మాత్రలు

అశ్వత్థనారాయణ గారు ఇక లేరన్న వార్త హిందూపురంలోని మా మందుల ఫ్యాక్టరీకి ఫోనులో వచ్చింది. ఆయన కొడుకు నన్నే పిలిపించి చెప్పాడు. నెలల తరబడి గుండెజబ్బుతో మంచాన ఉన్న మనిషి కనుక, అది ఊహకందని వార్తేమీ కాదు. అయినా రిసీవరు పెట్టేశాక ఆ పక్కనే ఉన్న అట్టపెట్టె మీద కూర్చుండిపోయాను. ప్యాకింగ్ మిషన్లు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. ఎవరైనా కాసేపు ఆపితే బాగుండుననిపించింది. ఎవరూ ఆపలేదు, నేనూ ఆపమనలేదు.

సంతాప సభ క్యాంటీనులో జరిగింది. యజమాని మొదలుకొని నిన్నమొన్న చేరిన ఇంజనీరు వరకు అందరూ మాట్లాడారు. "నాణ్యతకు మారుపేరు" అన్నారొకరు. "కర్మయోగి" అన్నారింకొకరు. ఆయన అక్కడుంటే ఈ విశేషణాలన్నీ ఏ బ్యాచివో, గడువు తేదీ ఏమిటో అడిగి ఉండేవారు. పొగడ్తను ఆయన ఎన్నడూ పరీక్ష చేయకుండా తీసుకోలేదు. అందుకే ఆ రోజు నేను మాట్లాడలేదు. మాట్లాడవలసింది ఇక్కడ రాస్తున్నాను.

తొంభైల మొదట్లో నేను పెనుకొండ నుంచి వచ్చి కెమిస్టుగా చేరేనాటికే ఆయన నాణ్యతా విభాగానికి అధిపతి. ఆయన సంతకం లేనిదే ఒక్క పెట్టె కూడా గేటు దాటకూడదు. మడకశిర పక్క మనిషి, కోపం వస్తే కన్నడంలోకి దిగేవారు. మాకు సగమే అర్థమయ్యేది, ఆ సగమే చాలు. "అలుపొచ్చిందమ్మా శాంతమ్మా" అని నాతో అనడం ఆయన ఊతపదం. పొద్దున కోటు తొడుక్కుంటూ అనేవారు, సాయంత్రం విప్పుతూ అనేవారు, నడుమ గంట కూడా కూర్చునేవారు కాదు.

ఆయన జీవితాన్నంతా ఆక్రమించినది ఒక చిన్న అంకెల వరుస. ఒకే తడవ కలిపి చేసిన మాత్రలన్నిటికీ ఒకే బ్యాచి నెంబరు ఇస్తాం. దానిని గడువు తేదీతో పాటు స్ట్రిప్పు చివర వత్తుతాం. రేపు ఆ మందులో దోషం బయటపడితే, అది ఏ ఊరికి, ఏ దుకాణానికి పోయిందో వెదకడానికి ఆ నెంబరే ఆధారం. "మందు మన తావ పుడుతుంది, రోగి కడుపులో పోతుంది. నడుమ ఎవరెవరి చేతుల్లో పడిందో చెప్పేదానికి ఇంకెవరూ లేరు, ఇదొక్కటే ఉండాది" అని చెప్పేవారు. కొత్తగా చేరిన ప్రతివారికీ ఈ మాట చెప్పేవారు. పాతవాళ్లం కాబట్టి మాకు నెలకొకసారి చెప్పేవారు.

ఒక బ్యాచి ముగిసి ఇంకొకటి మొదలయ్యే ముందు, పాత లేబుళ్లు, పాత రేకు చుట్టలు, రాలిన మాత్రలు సమస్తం హాలు నుంచి తీసివేయాలి. అధికారులు సాధారణంగా గుమ్మంలో నిలబడి చూసి సంతకం పెడతారు. ఈయన తెల్లకోటుతోనే నేల మీద పడుకుని, టార్చిలైటు వేసి మిషను అడుగున చూసేవారు. ఒకసారి అక్కడొక పాత లేబులు దొరికింది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని లేచి, "ఇదేమప్పా, వాస్తుకు పెట్టినారా?" అన్నారు. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. పని మొత్తం మళ్లీ మొదటి నుంచి చేయించారు.

ఇంత జాగ్రత్త గల మనిషి కాపలాలోనే ఆ పొరపాటు జరిగింది. ఆయుధపూజ ముందు రోజు హాలును ఆయనే స్వయంగా తనిఖీ చేసి సంతకం పెట్టి వెళ్లారు. పండగ తర్వాత మొదలు కావలసింది గుండెజబ్బు మాత్ర, ఎక్కువ మోతాదుది. పూజనాడు మిషన్లను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, అరటిపిలకలు కట్టారు. మా ప్రాంతపు కార్మికులకొక నమ్మకం ఉంది. ఖాళీ మిషనుకు పూజ చేయకూడదు, చేస్తే ఏడాదంతా దానికి పనుండదు. అందుకని ఆపరేటరు నంజప్ప స్టోరులో మూలనున్న ఒక తోక చుట్టను, అంటే వాడగా మిగిలిన రేకును, తెచ్చి మిషనుకు ఎక్కించి హారతిచ్చాడు. అది అదే మందు రేకు, కాని తక్కువ మోతాదుది. రంగు ఒకటే, అక్షరాలు ఒకటే, తేడా అంతా చీమతలంత అంకెలో ఉంది. మరునాడు దేవుడికి పెట్టిన చుట్టను దించడానికి ఎవరికీ చేయి రాలేదు. మిషను నడిచింది. తోక చుట్ట కాసేపటికే అయిపోయింది, అసలు చుట్ట ఎక్కింది. ఆ కాసేపట్లో ఎక్కువ మోతాదు మాత్రలు తక్కువ మోతాదు రేకులో చుట్టుకుని బయటపడ్డాయి.

సరుకు వెళ్లిపోయిన తరువాత, నమూనాకని దాచిన స్ట్రిప్పులను ఆయన ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నారు. ఒకదాని దగ్గర చేయి ఆగిపోయింది. ముందు వైపు చూశారు, చివర చూశారు, మళ్లీ ముందు చూశారు. "శాంతమ్మా, ఈ స్ట్రిప్పు మీద నిజం చెప్తాండేది నెంబరొక్కటే" అన్నారు. నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పేరు ప్రకారం అది చిన్న మాత్ర. నెంబరు ప్రకారం పెద్దది. చిన్న మాత్ర వేసుకోవలసిన ముసలి గుండె పెద్దదాన్ని రోజూ మింగితే నాడి మందగిస్తుంది, ఆగిపోనూవచ్చు.

యజమాని వినగానే తలపట్టుకున్నారు. "దుకాణాలకు ఒక ఉత్తరం రాసి పంపిద్దాం సార్. ఊరంతా చాటింపు వేసుకుంటే ఫ్యాక్టరీ ఉంటుందా?" అన్నారు. "ఉత్తరం మాత్రను ఆపదు సార్" అని చెప్పి, అశ్వత్థనారాయణ గారు ఆయన ఎదుటే మందుల ఇన్‌స్పెక్టరుకు ఫోను చేశారు. తప్పు ఎవరిదని యజమాని అడిగారు. నంజప్పను పనిలోంచి తీసేయమన్నారు. నంజప్ప తలుపు బయటే ఏడుస్తూ నిలబడి ఉన్నాడు. "వాన్ని తీసేస్తే వచ్చే పండక్కి కొత్తోడు ఇదే చేస్తాడు. వీడింక జన్మలో చెయ్యడు" అని అశ్వత్థనారాయణ గారు ఆ సంగతి అక్కడితో ముగించారు.

తప్పు రేకు పెట్టెలన్నీ హిందూపురంలో ఒకే హోల్‌సేలు వ్యాపారికి చేరాయి. ఆ వ్యాపారి బిల్లులు తిరగేసి, పెనుకొండలో ఒక దుకాణానికి, ధర్మవరంలో ఒక దుకాణానికి పంపానన్నారు. అశ్వత్థనారాయణ గారూ నేనూ బస్సెక్కాం.

పెనుకొండ దుకాణదారు మంచివాడు. అట్టపెట్టెను మా ముందు బోర్లించాడు. లెక్కకు ఒక స్ట్రిప్పు తక్కువ వచ్చింది. "మొన్న ఒక పెద్దాయన పట్టకపాయె సార్. రామగిరి బస్సుకని ఈడే నిలబడిండె. పేరు నేను అడగలేదు" అన్నాడు. డాక్టరు చీటీ ఉందా అని అడిగితే, పాత రేకు ముక్క చూపించి అదే మందు ఇమ్మన్నాడని చెప్పాడు. అశ్వత్థనారాయణ గారు బస్టాండు వైపు కాసేపు చూసి, "ముందు ధర్మవరం పోదాం పా" అన్నారు.

ధర్మవరంలో కథ వేరు. పెట్టె తెరిచి ఉంది, స్ట్రిప్పులు సగం సగం కోసి ఉన్నాయి. దేనికీ నెంబరున్న చివర లేదు. మిగిలిన ముక్కల్లో ఏవి ఆ బ్యాచివో, ఏవి పాత సరుకో చెప్పే దారి లేదు. ఆయనకు కోపం వచ్చింది. "నెంబరుండే పక్క నుంచి ఎందుకు కోస్తివప్పా?" అని గద్దించారు. దుకాణదారు చేతులు కట్టుకుని, "నేనేం చేద్దు సార్? డేటు చూసి కొనమని టీవీలో చెప్తాండారు. జనమంతా డేటు ఉండే ముక్కే కావాలంటారు. మొదట వచ్చినోడు అది పట్టకపోతాడు" అన్నాడు. ఆయన కోపం దిగిపోయింది. జనానికి జాగ్రత్త నేర్పితే ఇట్లా అయిందని ఎవరి మీద కోపగించుకోవాలి? ఉన్న ముక్కలన్నీ తీసుకుని సంచిలో వేసుకున్నాం.

కొన్నవాళ్లలో ఒకరి ఇల్లు దుకాణదారుకు తెలుసు. మగ్గాల వీధిలో ఒక నేతగాడి తల్లి. మేం వెళ్లేసరికి కొడుకు మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. అవ్వ గోడకు ఆనుకుని ఉంది. రోజూ గోరుతో చింపలేక, మాత్రలన్నీ కొడుకు చేత ఒకేసారి ఒలిపించి ఖాళీ సున్నపుకాయలో పోసి పెట్టుకుంది.

"ఎట్లుండావవ్వా?" అని ఆయన పక్కన కూర్చుని నాడి పట్టుకున్నారు.

"ఏం చెప్పేదప్పా, కడుపులో తిప్పుతాండాది. కూడు సయించలేదు. కండ్లకు అంతా పచ్చపచ్చగా కనపడతాండాది. నా కొడుకు నేసే చీర ఏ రంగో నాకు తెలీలేదు" అంది.

కొడుకు గుంటలోంచి, "జబ్బు ఎక్కువైందని ఇంకా నాలుగు మాత్రలు తెస్తి సార్" అన్నాడు.

ఆయన నా వైపు చూశారు. అవన్నీ ఆ మందు మోతాదు మించిన లక్షణాలే. ఆటోలో అవ్వను ఆసుపత్రికి చేర్చాం. డాక్టరుకు జరిగినదంతా దాచకుండా చెప్పారు. అవ్వ బతికింది. ఆ తరువాత చాలాకాలం ఆ కొడుకు హిందూపురం వచ్చినప్పుడల్లా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి ఆయన్ను పలకరించి పోయేవాడు. ప్రాణం పోసిన దేవుడని చెప్పేవాడు. ఆయన సిగ్గుతో కుంచించుకుపోయేవారు. "ప్రాణం తీయబోయింది కూడా మేమే నాయనా" అని ఒకసారి చెప్పారు కూడా. ఆ అబ్బాయి నమ్మలేదు.

ధర్మవరంలో కొన్న మిగతావాళ్ల ఆచూకీ ఇన్‌స్పెక్టరు మనుషులు తీశారు. రామగిరి పెద్దాయన మాత్రం దొరకలేదు. ఆదివారాలు అశ్వత్థనారాయణ గారు అక్కడికి పోయేవారు. మందుల దుకాణాల్లో, ఆరోగ్య కేంద్రంలో, పాత బంగారు గని పక్క వీధుల్లో, గుండెజబ్బు పెద్దాయన ఎవరైనా ఉన్నారా, ఎవరైనా ఈ మధ్య పోయారా అని అడిగేవారు. ముసలివాళ్లు పోతూనే ఉంటారు. ఎవరు దేనివల్ల పోయారో ఎవరు చెప్పగలరు? కొన్నిసార్లు నేనూ వెంట వెళ్లాను. కొన్నాళ్లకు నాకు విసుగు పుట్టింది. ఆయనకూ పుట్టింది, కాని మానలేదు. "అలుపొచ్చిందమ్మా" అంటూనే టికెట్టు తీసుకునేవారు.

మరుసటి ఆయుధపూజకు ఆయన స్వయంగా ఏ అక్షరమూ అచ్చుకాని తెల్లరేకు చుట్ట తెచ్చి నంజప్ప చేతిలో పెట్టారు. "దీనికి చేయండప్పా పూజ. దీని మీద ఏ పేరూ లేదు" అన్నారు. అప్పటి నుంచి మా ఫ్యాక్టరీలో పండగకు తెల్లరేకే ఎక్కుతుంది. నెంబరును చివర కాక, ఎక్కడ కోసినా మిగిలేటట్టు ప్రతి మాత్ర వెనకా వేయాలని ఆయన యజమానితో ఏళ్ల తరబడి పోట్లాడారు. ఖర్చన్నారు, మిషను ఒప్పుకోదన్నారు, చూద్దామన్నారు. చివరికి గుండె మాత్రలకు మాత్రం ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకున్న రోజు ఆయన సంతోషిస్తారనుకున్నాను. "మిగతా మాత్రలు తినేవాళ్లు మనుషులు కాదామ్మా?" అని కోటు విప్పి ఇంటికి పోయారు.

ఆయన పదవీ విరమణకు కొద్ది ముందు, విదేశానికి పంపే పెట్టెలకు బార్‌కోడు రావాలని అక్కడి కొనుగోలుదారు పట్టుబట్టాడు. కొత్త ప్రింటరు వచ్చింది, చదివే కెమెరా వచ్చింది. ఎర్రదీపం పడగానే ఆ పెట్టె ఎక్కడ పుట్టిందో తెరమీద కనబడుతుంది. చిన్నపిల్లవాడిలా ఒక్కొక్క పెట్టెను దాని కింద పెట్టి చూశారాయన. తరువాత కుర్ర ఇంజనీరును అడిగారు. "మన పెనుకొండకు పోయే డబ్బాకు ఇది యాడ ఉండాది?" "మనవాళ్లు అడగలేదు కదా సార్" అన్నాడు ఆ అబ్బాయి. అబద్ధమేమీ కాదు. ఆయన తలూపి, దీపం కింద నుంచి పెట్టె తీసేశారు.

పోవడానికి కొద్ది రోజుల ముందు ఆయనను చూడడానికి ఆసుపత్రికి వెళ్లాను. మాట బాగా సన్నగిల్లింది. నర్సు వచ్చి చిన్న రేకు ముక్కను ఆయన అరచేతిలో పెట్టింది. రెండు వైపులా కత్తిరించిన ముక్క. పాత అలవాటుగా తిప్పి చూశారు. నెంబరు లేదు.

"ఇది ఏ బ్యాచమ్మా?" అని అడిగారు.

"డాక్టరు రాసిందే సార్. మింగండి, అవతల ఇంకా శానామంది ఉండారు" అంది నర్సు. కసురుకోలేదు, పాపం అలసిపోయి ఉంది.

ఆయన మాత్ర ఒలిచి నోట్లో వేసుకున్నారు. నేను నీళ్లు పట్టాను. మింగి కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను. కాసేపటికి, "ఆ రామగిరాయన కూడా ఇట్లే నమ్మి మింగింటాడు కదమ్మా" అన్నారు. ఆయన నాతో మాట్లాడిన చివరి మాట అదే.

అశ్వత్థనారాయణ గారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆయన కుర్చీలో కొత్త అధికారి కూర్చున్నారు, సమర్థులే. హాలు తనిఖీ అవుతుంది, సంతకాలు పడతాయి, మందులు గేటు దాటుతాయి. కాని రామగిరి బస్సెక్కిన ఆ పెద్దాయన పేరేమిటో, ఆయన ఇల్లు చేరాడో లేదో, ఎన్నాళ్లు బతికాడో మాకెవరికీ తెలియదు. ఆ మనిషి కోసం ఈ లోకంలో ఇంకా వెదుకుతున్నది ఒక్కరే. ఆ ఒక్కరూ పోయారు.