నా కోసం చేసిన ప్రార్థన

ఈ రోజు ఆరాధనలో జరిగినది ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. చెవి మిషను పెట్టుకున్నాక పాస్టరుగారి వాక్యం మళ్లీ వినగలుగుతున్నాను. అయితే ముసుగు వేసుకుంటే కొంగు ఆనుకుని మిషను కీచుమంటుంది. ముసుగు లేకుండా ప్రార్థన చేయడం నా వల్ల కాదు. ఇవాళ కాశీబుగ్గ చర్చిలో అందరూ లేచి కళ్లు మూసుకోగానే అది కూత పెట్టింది. పక్కనున్న సుగుణమ్మ నా చేయి గిల్లింది.

"వొదినా, ఆ కూతేటి? కట్టేయ్, పాస్టరుగోరు ప్రార్థన సేత్తన్నారు."

కట్టేశాను. ఆ తరువాత ఒక్క ముక్క వినపడలేదు. అందరూ కూర్చున్నాక కూడా నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను.

బయటికొచ్చి మిషను వేసుకున్నాక సుగుణమ్మే అంది. "అంతసేపూ నీ సెవులు తెరవమనే అడిగినారు గదా! నువ్వు ఆమేనైనా అన్నావు కాదు. ఇస్వాసం నేకపోతే ఎలాగ బాగవుతాది?"

నా చెవులు తెరవమని దేవుణ్ణి అడగడానికి, తెరుచుకున్న చెవులను మూయించారు. ఆ కీచు దేవుడికి అడ్డమని ఎవరు చెప్పారో, మీలో ఎవరికైనా తెలిస్తే రాయండి.