పన్నెండు చోట్ల పడవ

మా అమ్మాయికి బడిలో ఒక పని ఇచ్చారు. చరిత్ర రాసేవాళ్ళే లేని కాలంలో, మహాసముద్రం నడుమ మనిషి అడుగు పెట్టని దీవులకు జనం పడవల్లో వెళ్ళి కాపురాలు పెట్టారట. మీ ఇంటిల్లిపాదీ అలా బయలుదేరితే పడవలో ఏమేం ఎక్కిస్తారు? మనుషులతో కలిపి పన్నెండే చోట్లు. ఆదివారానికి జాబితా ఇవ్వాలి.

శుక్రవారం పొద్దున అల్ వక్రాలోని మా ఫ్లాట్‌లో ఇడ్లీ పళ్ళేల పక్కన కాగితం పరిచారు. నేను వంటింట్లో మిక్సీ ఆపి ఆపి వింటున్నాను. ఈ గల్ఫ్ దేశానికి నేను మావారి వీసా మీద వచ్చాను. ఇల్లు, ఫోను అన్నీ ఆయన పేరు మీదే. కనీసం ఆ కాగితం పడవలోనైనా నాకంటూ ఒక చోటుండాలని మొండి పట్టుదల పుట్టింది. అడిగి రాయించుకోవడానికి మాత్రం అభిమానం అడ్డొచ్చింది.

"నాన్న, నానమ్మ, నేను," అని రాసి, అమ్మాయి నేరుగా చేమదుంపల్లోకి వెళ్ళిపోయింది. సరే, ఇంకా ఎనిమిది చోట్లున్నాయి, గుర్తొస్తానులే అనుకున్నాను.

అరటి పిలకలు, కొబ్బరికాయలు, సీమపనస మొక్కలు, కోళ్ళు. అప్పటివాళ్ళు నిజంగా పట్టుకెళ్ళినవి ఇవేనని అమ్మాయి పుస్తకం చూసి చెప్పింది. కోనసీమ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా అత్తగారు పెదవి విరిచారు. "ఇందులో కొత్తేముందే? అన్నీ మా పెరట్లోవేగా. పాపం చింతపండు మర్చిపోయినట్టున్నారు, రాయి." వెనకే ఆవకాయ జాడీ కూడా ఎక్కింది.

"పుస్తకంలో చిలగడదుంప కూడా ఉంది, నేనే రాయలేదు. అది అమెరికా వైపు పంట నానమ్మా. అది ఆ దీవులకి ఎలా వచ్చిందో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు."

"వాదనెందుకు? వీళ్ళు చూడ్డానికి వెళ్ళుంటారు, వాళ్ళు నాలుగు దుంపలు చేతిలో పెట్టుంటారు. ఇంటికొచ్చినవాళ్ళని వట్టి చేతుల్తో పంపుతారేమిటి?"

ఎదుటి ఫ్లాట్ మలయాళీ ఆవిడకు గోంగూర పచ్చడి ఇచ్చి కర్రపెండలం కూర తెచ్చుకునే ఇల్లు మాది. అత్తగారి మాటే నెగ్గింది.

మెసయీద్ ఎరువుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసే మావారు టూల్ బాక్సు రాయించారు.

"వాళ్ళ దగ్గర ఇనుమే లేదు నాన్నా."

"దారిలో పడవ ఆగిపోతే?"

పదకొండు నిండాయి. మిగిలిన ఒక్క చోటు కోసం అమ్మాయి కుక్క అంది, అత్తగారు రోలు అన్నారు. కుక్కకీ రోలుకీ మధ్య పావుగంట వాదన జరిగింది. నా ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇక ఆగలేక, చట్నీ గిన్నె తెచ్చి బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టాను.

"మరి నేనెక్కడ?"

ముగ్గురూ నన్ను చూశారు, తర్వాత కాగితాన్ని చూశారు.

"నువ్వు లిస్టులో ఎందుకమ్మా? తెడ్డు వేసేది నువ్వే కదా," అంది అమ్మాయి.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అంత కోపంలో నవ్వొచ్చినందుకు ఇంకా ఒళ్ళు మండింది. పెన్సిలు లాక్కుని పన్నెండో చోటులో 'అమ్మ' అని రాసి, కుర్చీ జరుపుకుని కూర్చుని, నాలుగు ఇడ్లీలు వడ్డించుకున్నాను.

మావారు కాగితం చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి రెండుసార్లు చదివారు.

"బాగానే ఉంది గానీ, ఇప్పుడు పడవ ఎలా కదులుతుంది?"