మార్తత్త గేదె నడిచిన దారి

నేను ఐదో తరగతి చదివే రోజుల్లో... తెల్లారేసరికి మా ఇంటి కంచె పక్క నుంచి ముందు గేదె, దాని వెనక మార్తత్త, ఆ వెనక తాటాకు మట్టలు పట్టుకుని నేనూ రూతూ. కనకాలపేటలో మా వీధివాళ్ళకు మమ్మల్ని చూస్తే టైమెంతయిందో తెలిసిపోయేది.

మార్తత్త మా నాన్నకు చెల్లెలు. మామయ్య పోయాక కూతురు రూతును తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. తాతయ్య ఉన్న కాస్త స్థలాన్నీ రెండు ముక్కలు చేసి, రోడ్డు వైపుది నాన్నకూ, వెనకది అత్తకూ రాసిచ్చారు. అత్త అక్కడ తాటాకిల్లు వేసుకుని, ఒక్క గేదెను పెట్టుకుని, ఇంటింటికీ పాలు పోసి బతికేది. రూతుదీ నాదీ ఒకే ఈడు... బళ్ళో ఒకే బెంచీ.

వెనక ముక్కకు రోడ్డు లేదు. మా స్థలంలోంచే రావాలి. కంచె పక్కన గేదె పట్టేంత దారి వదలమని తాతయ్య నోటితో చెప్పారే తప్ప, కాగితంలో రాయించలేదు. సొంత అన్నాచెల్లెళ్ళ మధ్య కాగితం ఎందుకనుకుని ఉంటారు...

తాతయ్య పోయిన ఏడాదికి నాన్న పెంకుటిల్లు తీయించి శ్లాబు ఇల్లు మొదలుపెట్టారు. ఒక గది సరిగ్గా ఆ దారిలోకి వచ్చింది. అది నా గది. నా కూతురు చదువుకోవడానికి వేయిస్తున్నానని నాన్న కనబడిన వాళ్ళందరికీ చెప్పేవారు.

అత్త ఒప్పుకోలేదు. ఆమె స్థలం వెనక మురుగు కాలువ ఉంది. గేదెను అందులో దింపి అవతలి గట్టెక్కించుకోవచ్చు కదా అన్నది నాన్న వాదన. ఎండాకాలం అయితే సరే, వానాకాలం చూలుగేదెను ఆ బురదలో ఎలా దింపుతానని అత్త ఏడ్చింది. మాటా మాటా పెరిగింది.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక సంఘపెద్దలు ముగ్గురు మా వాకిట్లో కూర్చున్నారు. ఎప్పటి నుంచో ఇదే తన దారి అని అత్త చెప్పింది. గేదె ఎప్పుడూ కాలువ వైపు నుంచే వెళుతుందని నాన్న చెప్పారు. వీధివాళ్ళను అడిగితే, వాళ్ళ ఇంటి గొడవ మాకెందుకని తప్పుకున్నారు.

అప్పుడు ఆ ముగ్గురిలో పెద్దాయన నన్ను పిలిచాడు.

"సండేస్కూల్లో వాక్యాలు అప్పజెప్పే పిల్లవి. ఉన్నమాట చెప్పమ్మా. మీ అత్త గేదె ఏ దారిన ఎల్తాది?"

నాన్న నన్ను ఏమీ చెప్పమనలేదు. కనీసం నా వైపు చూడలేదు. ఇన్నేళ్ళూ నాన్న మీదకు నెట్టేద్దామని ఎంత ప్రయత్నించినా నా వల్ల కాలేదు... ఎందుకంటే ఆ మాట నాదే. అంతకు ముందురోజే మేస్త్రి నేల మీద సున్నంతో గది కొలతలు గీసి, కిటికీ ఎక్కడ వస్తుందో నాకు చూపించాడు. నాకా కిటికీ కావాలి.

"కాలవలోంచండి" అన్నాను.

నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ రూతు చెయ్యి వదిలేసింది. అది ఏదో అనబోతే అత్త దగ్గరకు లాక్కుని, "ఊరుకోవే. అదీ నీలాగే చిన్నపిల్ల" అంది. పిల్ల చెప్పాక ఇంకేముందని పెద్దలు లేచారు.

గది లేచింది. వానలు పడ్డాయి. ఒకరోజు పొద్దున్న గేదె కాలువ బురదలో దిగబడిపోయింది. నలుగురు మోకులు కట్టి లాగారు. గేదె బతికింది కానీ నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. చచ్చి పుట్టిన దూడను అత్త తన పాత చీరలో చుట్టడం నేను నా కిటికీలోంచి చూశాను...

ఆ నెలలోనే గేదెను అమ్మేసింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి కుదిరింది. రూతు బెంచీ మారింది, కొన్నాళ్ళకు బడే మానేసి తల్లితో పాటు షెడ్డుకు వెళ్ళింది. దారిలేని స్థలం ఎవరూ కొనకపోతే చివరికి నాన్నే తీసుకున్నారు. తల్లీకూతుళ్ళు ఫరంపేటలో అద్దె ఇంటికి వెళ్ళిపోయారు. నేను ఆ గదిలో చదువుకునే టీచర్నయ్యాను.

నాన్న పోయాక రెండు ముక్కలూ నా పేరున పడ్డాయి. ఈ వేసవిలో ధైర్యం చేసి ఫరంపేట వెళ్ళాను. అత్త మంచంలోంచి లేవలేకపోతోంది. వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి. నేను మొదలుపెట్టగానే, "పోనీలేవే, తెలీక అన్నావు" అంది.

"తెలిసే అన్నానత్తా. గది కోసం అన్నాను."

అత్త ఆ వంకర వేళ్ళతోనే దుప్పటి పైకి లాక్కుంది.

"అది నాకూ తెలుసే. అందుకే మళ్ళీ మీ గుమ్మం తొక్కలేదు" అంది. మళ్ళీ తనే, "ఏదన్నా చెయ్యాలనుకుంటే రూతుకి చెయ్యి. దాని చదువు పోయింది" అంది.

ఆ గది పడగొట్టించాను. వెనక ముక్కనూ, రోడ్డు దాకా దారినీ రూతు పేరున రిజిస్టర్ చేయించాను. సంతకాలయ్యాక ఆఫీసు బయట దాని చెయ్యి పట్టుకోబోయాను. రూతు కాగితాలు రెండు చేతులా పట్టుకుని, "వస్తానండి. మీరు జాగ్రత్తగా వెళ్ళండి" అని ఆటో ఎక్కింది.

చిన్నప్పుడు నన్ను 'ఒసే' అని తప్ప పిలవని మనిషి...

ఇప్పుడు స్థలాలు పంచుకునేవాళ్ళు దారి ఎన్ని అడుగులో కాగితంలో రాయించుకుంటున్నారు. మంచిదే. మనిషి మాట మీద నడిచిన రోజులు నాలాంటి వాళ్ళ వల్లే పోయాయి.

మీ చిన్నప్పటి మాట ఒకటి ఎవరికైనా ఇలా తగిలి ఉంటే ఇక్కడ రాయండి, చదువుతాను. కానీ ఆ మనిషి ఇంకా ఉంటే మాత్రం... ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళిరండి.