మంచు మీద బిందె

కలకత్తాలో కరెంటు పోతే సంబరపడిన మనిషిని ఒక్కర్తినే చూశాను నేను. ఆమె నా భార్య కాసులమ్మ.

ఆమె పోయి ఏడాది దాటింది. ఎవరైనా కదిపితే జబ్బు సంగతి చెప్పబుద్ధి కాదు. పంతొమ్మిది వందల ఎనభై నాలుగు సంగతే నోటికొస్తుంది.

అప్పుడు మేం వాట్‌గంజ్‌లో ఉండేవాళ్ళం. నాకు డాక్‌లో పని, ఆమెకు బాలీగంజ్ వైపు ఒక స్కేటింగ్ హాల్లో ఊడ్చే పని. గోడౌనంత హాలు, నేలంతా గడ్డకట్టిన మంచు. దాని మీద డబ్బున్నవాళ్ళ పిల్లలు అడుగున కత్తులున్న బూట్లు తొడుక్కుని జారుతుంటారు. "మావా, మనం సోడాలో ఏసుకునే ఐసుని అక్కడ నేలంతా పరిసీసినారు" అని పనిలో చేరిన రోజున వచ్చి చెప్పింది. మా అమ్మ దాలమ్మ నమ్మలేదు.

కాసులమ్మ అమ్మమ్మ కార్పొరేషన్లో చీపురు పట్టింది. తల్లీ పట్టింది. తను ఆ హాల్లో ఆరేళ్ళుగా పడుతోంది. ఆ వానాకాలంలో, అక్కడ స్కేటింగ్ నేర్పే మినతి దీదీ ఒక మాట చెవిన వేసింది. కాళీపూజ వెళ్ళాక చిన్న ఆడపిల్లల బ్యాచి మొదలుపెడతారట. పిల్లల చెయ్యి పట్టుకుని మంచు మీద తిప్పడానికి ఒక ఆడమనిషి కావాలట. హాలు యజమాని ముందు, మంచు చుట్టూ ఉన్న కమ్మీ పట్టుకోకుండా పది చుట్లు తిరిగి చూపించాలట.

"నాను నేర్సుకుంతాను" అంది కాసులమ్మ.

"ముప్పై నాలుగేళ్ళకా?"

"ముప్పై నాలుగేళ్ళకి సీపురొగ్గీకూడదని ఎక్కడైనా రాసుందేటి మావా?"

నేర్చుకోవడానికి చోటుంది గానీ సమయం లేదు. డబ్బు కట్టినవాళ్ళు జారుతున్నంతసేపూ ఊడ్చేవాళ్ళు మంచు మీద కాలు పెట్టకూడదు. లోడ్‌షెడింగ్ వస్తే మాత్రం అందరూ దిగిపోవాలి. అక్కడి జనరేటరు మంచు యంత్రానికే సరిపోయేది, దీపాలకు చాలేది కాదు. ఆ చీకట్లో లోపలికి వెళ్ళి పొడిమంచు ఊడ్చడం కాసులమ్మ పని. ఊరంతా కరెంటువాళ్ళను తిట్టుకుంటుంటే ఆమె గబగబా ఊడ్చేసి, చీర గోచీ పోసి బిగించి, మినతి దీదీ పాత బూట్లు తొడుక్కునేది. పైకప్పు అద్దాల్లోంచి దిగే మసక వెలుతురే ఆమె బడి దీపం.

తొడుక్కోవడమే ఆలస్యం, పడేది. మినతి దీదీ కమ్మీ దగ్గర నిలబడి "హాఁటు భాంగో, కాశీ!" అని అరిచేది, కాసులమ్మను మోకాళ్ళు వంచమని. వంగితేనా? వెదురుగడలా నిలువునా బిగుసుకుపోయేది, ఖాళీ చేతులు గాలిలో దేవులాడేవి, ధబ్బుమనేది. రాత్రి మా అమ్మ ఆవనూనె వేడిచేసి నడుముకు రాస్తూ, "కోడలా, ఇది ఇరిగితే సీపురు కూడా అట్టలేవు" అనేది. పక్కగది గవరయ్యకైతే రోజూ పండగే.

"వొదినా, ఇవాళెన్ని?"

"నాలుగు."

"నిన్న ఆరు కదా! బాగుపడతన్నావు."

శ్రావణంలో ఒక పొద్దున్న, వాన. మా సందులో కుళాయి నుంచి గది దాకా రాళ్ళన్నీ పాకుడు పట్టి ఉన్నాయి. ముందురోజే గవరయ్య అక్కడ జారి మోచెయ్యి కొట్టుకున్నాడు. కాసులమ్మ మాత్రం నెత్తి మీద నిండు బిందెతో చరచరా వచ్చేస్తోంది. గుమ్మంలో కూర్చున్న మా అమ్మ చూసి చూసి అంది: "ఒసే, బిందుంటే పాకుడు మీద పరిగెడతావు. వొట్టి నెత్తితో ఐసు మీద దొర్లుతన్నావు. ఆ బిందేదో అట్టుకునే ఎల్లరాదేటి?"

ఎగతాళికే అంది. కాసులమ్మ మాత్రం సందు మధ్యలో, వానలో, అలాగే నిలబడిపోయింది.

మర్నాడు అల్యూమినియం బిందె, చుట్టకుదురు పట్టుకుని ట్రామెక్కింది. "ఏం దీదీ, బాలీగంజ్‌లో నీళ్ళు కూడా పోయాయా?" అన్నాడట కండక్టరు.

కరెంటు పోయింది. సగం నీళ్ళతో బిందె ఎత్తుకుని మంచెక్కింది. మినతి దీదీ "ఓ మాగో!" అని తల పట్టుకుంది. నీళ్ళు తొణకకూడదంటే మోకాళ్ళు వాటంతటవే వంగాయి. మెడ నిలిచింది, నడుము దిగింది. ఒక చుట్టు పూర్తయ్యింది. చుక్క ఒలకలేదు.

ఆ తర్వాత పావు బిందె. తర్వాత ఖాళీ బిందె. తర్వాత ఒట్టి చుట్టకుదురు. దసరా వెళ్ళేసరికి నెత్తి మీద ఏమీ లేదు. అయినా ఒక చెయ్యి అప్పుడప్పుడు పైకి లేచి, లేని బిందెను సర్దేది.

కాళీపూజ మర్నాడు సాయంత్రం ఆరింటికి పరీక్ష. డ్యూటీ దిగి నేనూ వెళ్ళాను. కొత్త బ్యాచి పిల్లలు పదకొండు మంది మంచు మీద అక్కడక్కడా కొంగల్లా నిలబడి ఉన్నారు. తల్లులు కమ్మీ బయట, యజమాని కుర్చీలో. కాసులమ్మ రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో పడింది. లేచింది. నాలుగులో మళ్ళీ పడింది. యజమాని మినతి దీదీ వైపు చూసి తల అడ్డంగా ఆడించాడు.

కాసులమ్మ కమ్మీ దగ్గరకొచ్చి, "ఈ ఎలుతురేటి మావా, కళ్ళలో పొడిసీస్తంది. అందరూ నన్నే సూత్తన్నారు" అంది. ఆమె అంతవరకూ దీపాల కింద ఒక్కసారీ జారలేదని నాకప్పుడు తట్టింది.

నేను నోరు తెరిచేలోపు కరెంటు పోయింది.

చిమ్మచీకటి. పిల్లల కేకలు, తల్లుల కేకలు, ఎవరో పడిన చప్పుడు. "టార్చి! టార్చి!" అని యజమాని. వాటి మధ్య సుయ్య్‌మని, మెల్లగా, ఒకే తీరుగా కత్తి మంచును గీసే చప్పుడు. దాంతోపాటు కాసులమ్మ బెంగాలీ, మా తెలుగు కలిసిన బెంగాలీ: "ఖుకీ, భయ్ నేయ్! బయం లేదు పిల్లా, నాను వస్తన్నాను. ఇదిగో కొంగు, అట్టుకో. నీ ఎనకాల పిల్లకి నీ గౌను అందించు."

టార్చి దొరికేసరికి కొంత సేపు పట్టింది. వెలుగు పడ్డచోట కాసులమ్మ వంగిన మోకాళ్ళతో వస్తోంది, ఒక చెయ్యి నెత్తి మీద బిందె సర్దుతోంది. వెనకాల కొంగు పట్టుకుని ఒకరు, గౌన్లు పట్టుకుని మిగతావాళ్ళు, పదకొండు పెట్టెల రైలు. తలుపు దగ్గరకొచ్చి ఆగింది.

"పది చుట్లు కాలేదు" అన్నాడు యజమాని, అలవాటు కొద్దీ.

అందరికన్నా చిన్న పిల్ల ఇంకా కొంగు వదల్లేదు. తల్లి పిలిచినా వదల్లేదు. యజమాని ఆ గుప్పెట వైపే కాసేపు టార్చి వేసి చూశాడు.

"మరి రేపట్నుంచి చీపురు ఎవరు పడతారు?"

"అది తమరు సూసుకోండి బాబూ. నాకు ముందు బూట్లు ఇప్పించండి. ఇవి దీదీవి."

మర్నాడు పొద్దున్న కుళాయి నుంచి వస్తూ, పాకుడు సందులో, నేనెరిగి మొదటిసారి కాసులమ్మ నీళ్ళు ఒలకబోసుకుంది. "వొదినా, ఇదేటి?" అని గవరయ్య గొల్లున నవ్వాడు. ఆమె జారలేదు. నవ్వు ఆపుకోలేక బిందె తొణికింది, అంతే.