అరువు బుర్ఖా

పీయూసీ చదివే రోజుల్లో నా ఎడమ చెంప మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ తేలింది. శోభి కావచ్చు, బొల్లి కావచ్చు, అంతకన్నా పెద్దదే కావచ్చు. ఆ పెద్దదాని పేరు మా బోధన్ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. నేను మాత్రం రోజుకు పదిసార్లు సూదితో గుచ్చుకుని, నొప్పి పుడుతోందో లేదో చూసుకునేదాన్ని. పుట్టేది. గంట తిరక్కుండానే మళ్ళీ అనుమానం.

రెండు నెలలు స్నో మీద స్నో, పౌడరు మీద పౌడరు పూసి నెట్టుకొచ్చాను. చివరికి మా బాపు, నిజామాబాదులో చర్మం డాక్టరు ఉన్నాడని తెలుసుకొచ్చి బుధవారం పొమ్మన్నాడు. ఇక నాకు కాలు నిలవలేదు. డాక్టరు ఏమడుగుతాడు? అక్కడ తెలిసినవాళ్ళు కూర్చుని ఉంటే? అద్దం దగ్గరికి పోవడం, రావడం.

"కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుడు బంద్ జెయ్యి," అని అమ్మ కసిరింది.

అసలు చిక్కు పౌడరుతో వచ్చింది. డాక్టరుకు మచ్చ కనపడాలంటే ఉత్త ముఖంతో పోవాలి. ఉత్త ముఖంతో బస్సెక్కితే ఊరంతా చూస్తుంది.

మా సంగతి తెలిసింది పక్కింటి ఖాలాకు ఒక్కదానికే. ఆమె తన బుర్ఖా తెచ్చి నాకు తొడిగి, ముసుగు సర్దింది. "గిట్లనే పో బేటీ. ఎవ్వలకు ఎర్కయితది?" నాకంటే రెండేళ్ళు చిన్నదైన ఆమె కూతురు నా నడక చూసి నవ్వింది. "గంత ఉరుకకు అక్కా, తట్టుకొని పడ్తవ్."

ఇంత తెలివి చూపించి ఒక్కటి మరిచాం. నా ముఖం దాచాం గానీ, పక్కన నడిచే అమ్మ ముఖం దాచలేదు. బస్సులో మా వాడకట్టులో ఉండే ఒకామె వచ్చి అమ్మ పక్కన కూలబడింది.

"యాడికి వొదినా? గీ పిల్లెవరు?"

"పక్కింటామె బిడ్డ. దవాఖానకు తీస్కపోతున్న."

"ఏమైంది?" ఆమె వదల్లేదు.

"మొకం మీద తెల్లమచ్చ లేసింది, పాపం," అనేసింది అమ్మ.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన నాకు హాయిగానే అనిపించింది.

డాక్టరు నిమిషంలో తేల్చేశాడు. శోభి. పూత మందు రాస్తే నెలలో పోతుందన్నాడు. తిరుగు బస్సులో ముసుగు చాటున సంతోషం పట్టలేక ఏడ్చాను.

వారం లోపల మాట వాడకట్టంతా పాకింది. నల్లా దగ్గర ఆడవాళ్ళు ఖాలా కూతురి బిందె పక్కన తమ బిందెలు పెట్టడం మానేశారు. ఖాలా మా అమ్మను ఒక్క మాటా అడగలేదు. ఒక పొద్దున ఆ పిల్లే మా ఇంటికొచ్చింది.

"అక్కా, నా మొకం మీద ఏమన్న అవుపడ్తుందా? మంచిగ సూడు."

గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూశాను.

"ఏం లేదు," అన్నాను.

ఆమె నా మాట నమ్మలేక, ఓఢ్నీ కొసతో చెంప ఎర్రబడేదాకా రుద్దుకుంటూ గడప దాటింది.